ఒకే భాషా కుటుంబం, వేర్వేరు సంతకాలు: తుర్కిక్ దేశాల రాజకీయ ఐక్యతకు అడ్డంకులు

సభకు నమస్కారం.

ఒక ఓటింగు పట్టికతో మొదలుపెడదాం. 2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఉక్రెయిన్‌పై రష్యా దాడిని తప్పుపడుతూ తీర్మానం చేసింది. అనుకూలంగా 141 ఓట్లు, వ్యతిరేకంగా 5, తటస్థంగా 35. ఆ పట్టికలోంచి తుర్కిక్ భాషలు మాట్లాడే దేశాల పేర్లను మాత్రం ఏరి చూడండి. టర్కీ అనుకూలంగా ఓటేసింది. కజకిస్తాన్, కిర్గిజిస్తాన్ తటస్థంగా ఉండిపోయాయి. అజర్‌బైజాన్, ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్ ఓటింగులోనే పాల్గొనలేదు. ఆరు దేశాలు మూడు దారులు పట్టాయి. ఇది జరగడానికి నాలుగు నెలల ముందే, 2021 నవంబరులో, ఈ ఆరు దేశాలూ ఇస్తాంబుల్‌లో ఒకే బల్ల చుట్టూ కూర్చున్నాయి. అప్పటిదాకా తుర్కిక్ కౌన్సిల్ అని పిలిచిన వేదికకు తుర్కిక్ దేశాల సంస్థ అని పేరు పెట్టి, 2040 వరకు సాధించాల్సిన లక్ష్యాల పత్రాన్ని ఆమోదించాయి.

ఈ రెండు సంఘటనల మధ్య ఉన్న దూరమే ఇవాళ మన విషయం. ఆ దేశాల నాయకులకు మనసు లేదనో, అన్నదమ్ముల మాట ఉత్త నటన అనో నేను అనుకోవడం లేదు. సాంస్కృతిక బంధం నిజమైనదే. కానీ ఒక్కో దేశం వాణిజ్యానికి ఒకచోట, రక్షణకు మరొకచోట, చమురు ఎగుమతికి ఇంకోచోట ఎప్పుడో సంతకాలు చేసి ఉంది. ఆ సంతకాలను చదివితే గాని ఐక్యత ఎక్కడ ఆగిపోతోందో అర్థం కాదు.

ముందు వేదిక సంగతి క్లుప్తంగా చెబుతాను. 1992 అక్టోబరు చివర అంకారాలో తొలి శిఖరాగ్ర సభ జరిగింది. సోవియట్ యూనియన్ కూలి ఏడాది కూడా నిండలేదు. టర్కీ అధ్యక్షుడు తుర్గుత్ ఓజాల్ ఉమ్మడి మార్కెట్టు పెడదాం, అభివృద్ధి బ్యాంకు పెడదాం అన్నారు. కజకిస్తాన్ అధ్యక్షుడు నజర్బాయెవ్ ఒప్పుకోలేదు. జాతి ప్రాతిపదికన కూటమి కట్టడం ఆయనకు ఇష్టం లేదు. ఆయన ఇబ్బంది ఆయనది. 1989 జనగణన నాటికి కజకిస్తాన్ జనాభాలో కజక్కులు సుమారు 40 శాతం, రష్యన్లు దాదాపు 38 శాతం. రష్యాతో సరిహద్దు ఏడున్నర వేల కిలోమీటర్లకు పైన. ఆ పరిస్థితిలో తుర్కిక్ జెండా ఎత్తితే ఉత్తర కజకిస్తాన్‌లోని రష్యన్లు ఏమంటారు, మాస్కో ఏమంటుంది? చివరికి ఆ సభ సహకారం గురించిన మెత్తటి ప్రకటనతో ముగిసింది. ఇల్లలకగానే పండగ కాదన్న సంగతి తొలి సభలోనే తేలిపోయింది.

శాశ్వత సంస్థ ఏర్పడడానికి మరో 17 ఏళ్లు పట్టింది. 2009 అక్టోబరు 3న నఖిచెవాన్‌లో టర్కీ, అజర్‌బైజాన్, కజకిస్తాన్, కిర్గిజిస్తాన్ ఒప్పందం చేసుకున్నాయి. సచివాలయం ఇస్తాంబుల్‌లో పెట్టారు. ఉజ్బెకిస్తాన్ 2019లో గాని చేరలేదు. తుర్క్‌మెనిస్తాన్ 2021లో పరిశీలక హోదాతో సరిపెట్టుకుంది. 1995 డిసెంబరు 12న ఐక్యరాజ్యసమితి గుర్తించిన శాశ్వత తటస్థత దాని విదేశాంగ విధానానికి పునాది. పూర్తి సభ్యత్వం తీసుకుంటే ఆ పునాదినే తిరిగి తడుముకోవాలి. హంగరీ 2018 నుంచి పరిశీలక దేశం.

ఇప్పుడు అసలు అడ్డంకుల దగ్గరికి వద్దాం. వీటిలో నేను అన్నిటికంటే గట్టిదనుకునేది సుంకాల చట్టం. పత్రికల్లో దీని గురించి చాలా తక్కువ రాస్తారు.

టర్కీ 1996 నుంచి ఐరోపా యూనియన్‌తో సుంకాల కూటమిలో ఉంది. పారిశ్రామిక సరుకులపై బయటి దేశాలకు ఐరోపా ఎంత సుంకం వేస్తే టర్కీ కూడా అంతే వేయాలి. కజకిస్తాన్ 2015 జనవరి నుంచి, కిర్గిజిస్తాన్ అదే ఏడాది ఆగస్టు నుంచి యురేషియన్ ఆర్థిక యూనియన్ సభ్యులు. అక్కడా బయటి సుంకం ఉమ్మడిదే. రష్యా, బెలారూస్, ఆర్మీనియాలతో కలిసి నిర్ణయిస్తారు. అంటే టర్కీ, కజకిస్తాన్‌లు రెండూ మనసారా కోరుకున్నా, విడిగా కూర్చుని పూర్తి స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం రాసుకోలేవు. ఒకరు బ్రస్సెల్స్‌కు, మరొకరు ఆ యూనియన్‌లోని మిగతా సభ్యులకు ముందే మాట ఇచ్చారు. తుర్కిక్ ఉమ్మడి మార్కెట్టు కావాలంటే కనీసం మూడు దేశాలు తమ సుంకాల కూటముల్లోంచి బయటికి రావాలి. కజకిస్తాన్ వాణిజ్యంలో మొదటి రెండు స్థానాలు చైనా, రష్యాలవి. టర్కీ ఎగుమతుల్లో అతిపెద్ద వాటా ఐరోపాది. ఎవరు ముందు బయటికి వస్తారు? ఎవరూ రారు.

మరి ఏ వాణిజ్య ఒప్పందాలు కుదిరాయి? ఈ రెండు కూటముల్లో లేని దేశాలతో టర్కీ పరిమిత రాయితీ ఒప్పందాలు చేసుకుంది. అజర్‌బైజాన్‌తో ఒప్పందం 2021 మార్చిలో అమల్లోకి వచ్చింది. అప్పుడు రాయితీ ఇచ్చుకున్నది చెరో 15 సరుకులకు. ఉజ్బెకిస్తాన్‌తోనూ అలాంటి చిన్న జాబితాతోనే 2023లో మొదలైంది. అజర్‌బైజాన్, ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్ ఇంకా ప్రపంచ వాణిజ్య సంస్థలో సభ్యులు కావు. కాబట్టి అందరికీ వర్తించే కనీస వాణిజ్య నియమావళి కూడా ఈ దేశాల మధ్య లేదు.

రక్షణ విషయంలో చిక్కు ఇంకా లోతైనది. టర్కీ 1952 నుంచి నాటో సభ్యురాలు. కజకిస్తాన్, కిర్గిజిస్తాన్‌లు రష్యా నడిపే సమష్టి భద్రతా ఒప్పంద సంస్థలో ఉన్నాయి. ఉజ్బెకిస్తాన్ అదే సంస్థలోంచి 1999లో తప్పుకుంది, 2006లో తిరిగి చేరింది, 2012లో మళ్లీ సభ్యత్వాన్ని పక్కన పెట్టింది. అజర్‌బైజాన్ 1999లోనే ఆ ఒప్పందాన్ని పొడిగించుకోలేదు. 2020 శరదృతువులో కరబఖ్ ప్రాంతం కోసం అజర్‌బైజాన్, ఆర్మీనియాల మధ్య 44 రోజుల యుద్ధం జరిగినప్పుడు ఈ చిక్కు బయటపడింది. టర్కీ బహిరంగంగా అజర్‌బైజాన్ పక్షాన నిలిచింది. కజకిస్తాన్, కిర్గిజిస్తాన్‌లు మాత్రం కాగితం మీద, అదే సంస్థ సభ్యురాలైన ఆర్మీనియాకు సైనిక మిత్రులు. ఆ యుద్ధం కరబఖ్‌లో జరిగింది గాని ఆర్మీనియా అంతర్జాతీయ సరిహద్దుల్లోపల కాదు కాబట్టి ఆ దేశాలు ఎటూ తేల్చుకోవాల్సిన అవసరం లేకపోయింది. ఆ వెసులుబాటు ప్రతిసారీ దొరకదు.

2022 జనవరి ఇంకా స్పష్టమైన ఉదాహరణ. కజకిస్తాన్‌లో గ్యాసు ధరల మీద మొదలైన నిరసన అల్మాటీలో కాల్పుల దాకా వెళ్లింది. అధ్యక్షుడు తొకాయెవ్ జనవరి 5 రాత్రి సాయం కోరారు. కోరింది రష్యా నాయకత్వంలోని సంస్థను. మరునాడే దళాలు దిగడం మొదలైంది. మొత్తం సుమారు 2,500 మంది. తుర్కిక్ దేశాల విదేశాంగ మంత్రులు ఆన్‌లైన్‌లో సమావేశమై సంఘీభావం తెలిపింది జనవరి 11న. ఇందులో తుర్కిక్ దేశాల సంస్థను తప్పుపట్టడానికి ఏమీ లేదు. దాని దగ్గర సైన్యం లేదు, ఉమ్మడి కమాండు లేదు, దాడి జరిగితే ఆదుకోవాలన్న నిబంధన లేదు. అలాంటి నిబంధన టర్కీ, అజర్‌బైజాన్‌ల మధ్య విడిగా ఉంది. 2021 జూన్‌లో షుషాలో రాసుకున్నారు. గమనించండి, సైనిక సహకారం సాగుతున్నంత మేరకు ఇద్దరిద్దరి మధ్యే సాగుతోంది. టర్కీ డ్రోన్లను కిర్గిజిస్తాన్ కొంటుంది, తుర్క్‌మెనిస్తాన్ కొంటుంది. అందరూ కలిసి ఒక ఒప్పందం కిందికి రమ్మంటే రారు.

ఇక భౌగోళికం. గోడ మీది పటంలో టర్కీ తూర్పు కొస చూడండి. అజర్‌బైజాన్‌తో దాని సరిహద్దు సుమారు 17 కిలోమీటర్లు. అదీ నఖిచెవాన్ అనే విడిపడ్డ ముక్కతో. ఆ ముక్కకూ ప్రధాన అజర్‌బైజాన్‌కూ నడుమ ఆర్మీనియాలోని స్యూనిక్ ప్రాంతం ఉంది. అక్కడ దాటాల్సింది 40 కిలోమీటర్ల పైచిలుకే. ఆ దారి 30 ఏళ్లుగా మూసుకుపోయి ఉంది. 2025 ఆగస్టు 8న వాషింగ్టన్‌లో అమెరికా సమక్షంలో దాన్ని తెరవడానికి అంగీకారం కుదిరింది. అయితే ఆ దారి ఆర్మీనియా సార్వభౌమత్వం కిందే ఉంటుంది. ఇరాన్ తన ఉత్తర సరిహద్దు పక్కన ఈ ఏర్పాటును అనుమానంగా చూస్తోంది.

అజర్‌బైజాన్ దాటితే కాస్పియన్ సముద్రం. కజకిస్తాన్ నుంచి ఒక కంటైనరు టర్కీకి చేరాలంటే ఏం జరుగుతుందో వరసగా చెబుతాను. రైల్లో అక్తావు లేదా కురిక్ రేవుకు వస్తుంది. ఓడ కోసం ఎదురుచూస్తుంది. గాలి ఎక్కువైతే ఓడలు కదలవు. బాకూ దక్షిణాన ఉన్న అలాత్ రేవులో దిగి మళ్లీ రైలెక్కుతుంది. జార్జియా దాటి అఖల్కలాకి చేరాక పట్టాల వెడల్పు మారుతుంది. సోవియట్ కాలపు 1520 మిల్లీమీటర్ల పట్టాలు అక్కడితో ఆగి, టర్కీ వైపు 1435 మిల్లీమీటర్లవి మొదలవుతాయి. సరుకు మార్చాలి, లేదా బండి చక్రాలు మార్చాలి. బాకూ, తిబిలిసి, కార్స్ రైలు మార్గం 2017 అక్టోబరులో తెరిచారు గాని ‘మధ్య కారిడార్’ అని పిలిచే ఈ దారి మొత్తం మీద 2024లో నడిచిన సరుకు సుమారు 45 లక్షల టన్నులు. దీనికి తోడు కాస్పియన్ నీటిమట్టం 1990ల మధ్య నుంచి పడిపోతూ వస్తోంది. అక్తావు దగ్గర లోతు తగ్గి ఓడలు పూర్తి బరువు ఎత్తలేకపోతున్నాయి.

చమురు కథ ఇంతకంటే సూటిగా ఉంటుంది. కజకిస్తాన్ ఎగుమతి చేసే చమురులో దాదాపు 80 శాతం రష్యా భూభాగం మీదుగా నల్ల సముద్రపు నొవొరొసీస్క్ రేవుకు పోయే పైపులైన్లో వెళుతుంది. 2022 జూన్‌లో తొకాయెవ్ పీటర్స్‌బర్గ్ వేదిక మీద, పుతిన్ పక్కనే కూర్చుని, తూర్పు ఉక్రెయిన్‌లో రష్యా దేశాలుగా గుర్తించిన దొనెత్స్క్, లుహాన్స్క్‌లను గుర్తించబోమన్నారు. జులై మొదట్లో ఒక రష్యన్ కోర్టు పర్యావరణ పత్రాల్లో లోపాలున్నాయంటూ ఆ పైపులైన్‌ను 30 రోజులు ఆపమని ఆదేశించింది. వారం తిరక్కుండానే పైకోర్టు దాన్ని జరిమానాతో సరిపెట్టింది. ఒకదానికొకటి కారణమని నేను రుజువు చేయలేను గాని, కజకిస్తాన్ రాజధాని అస్తానాలో విధానాలు రూపొందించేవారు ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూసి ఉంటారు. కాస్పియన్ అడుగున గ్యాసు పైపు వేస్తే తుర్క్‌మెనిస్తాన్ నుంచి అజర్‌బైజాన్‌కు సుమారు 300 కిలోమీటర్లు చాలు. 1990ల నుంచి మాట్లాడుతున్నారు, ఇప్పటికీ వేయలేదు. 2018లో అక్తావులో కాస్పియన్ తీర దేశాల ఒప్పందం జరిగింది గాని ఇరాన్ ఇంకా దాన్ని ధ్రువీకరించలేదు.

ఇంతవరకు చెప్పినవన్నీ బయటి శక్తులతో ముడిపడినవి. లోపలి తగాదాలు కూడా ఉన్నాయి. వాటిలో నీళ్ల తగాదా దగ్గర కాసేపు ఆగాలి. తెలుగు మాట్లాడే రెండు రాష్ట్రాల మధ్య కృష్ణా జలాల పంపకం ఏళ్లకేళ్లుగా ట్రిబ్యునల్ ముందు నలుగుతుండడం చూస్తున్న మనకు, ఒకే భాష ఉన్నంత మాత్రాన నదీ తగాదా తీరదని వేరే చెప్పక్కర్లేదు.

కిర్గిజిస్తాన్‌లో నరీన్ నది మీద తొక్తొగుల్ జలాశయం ఉంది. పూర్తి సామర్థ్యం 1,950 కోట్ల ఘనపు మీటర్లు. అందులో వాడుకోదగ్గది సుమారు 1,400 కోట్లు. సోవియట్ కాలంలో దీన్ని కింది ఉజ్బెకిస్తాన్, కజకిస్తాన్‌ల పత్తి చేలకు వేసవిలో నీరివ్వడం కోసం నడిపారు. బదులుగా చలికాలంలో కింది నుంచి పైకి బొగ్గు, గ్యాసు వచ్చేవి. లెక్కలు మాస్కోలో తేలేవి. 1991 తర్వాత కింది దేశాలు ఇంధనానికి మార్కెట్ ధర అడిగాయి. కిర్గిజిస్తాన్ దగ్గర అంత డబ్బు లేదు. చలికాలంలో ఇళ్లు వెచ్చగా ఉండాలంటే టర్బైన్లు తిప్పాలి. టర్బైన్లు తిప్పితే నీళ్లు కిందికి పోతాయి. ఫలితంగా చలికాలంలో కింద వరద, వేసవిలో కరువు. నదిలో మంచు గడ్డకట్టి ఉండడంతో వరద నీరు దిగువకు సాగక, చర్దరా జలాశయం నిండి, కజకిస్తాన్ పల్లెలు ప్రమాదంలో పడ్డాయి. చివరికి కజకిస్తాన్ ఆ నీటిని పట్టుకోవడానికి 300 కోట్ల ఘనపు మీటర్ల కొక్సరాయ్ జలాశయాన్ని సొంత ఖర్చుతో కట్టుకుంది. 1998లో, నరీన్ నీళ్లు చేరే సిర్ దర్యా నది మీద ఇంధనం, నీరు ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం చేసుకున్నారు. ఏటా పరిమాణాలు మళ్లీ బేరమాడాల్సి రావడం, మాట తప్పినవాళ్లను నిలదీసే యంత్రాంగం లేకపోవడం వల్ల అది నిలబడలేదు.

ఫెర్గానా లోయలో సరిహద్దులు 1924 నుంచి సోవియట్ అధికారులు గీసినవి. కిర్గిజ్, ఉజ్బెక్ సరిహద్దు సుమారు 1,370 కిలోమీటర్లు. 2010 జూన్‌లో ఓష్ నగరంలో ఈ రెండు తుర్కిక్ జాతుల మధ్య జరిగిన హింసలో నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. ఎక్కువ మంది ఉజ్బెక్కులు. ఈ గాయం సంగతి ఏ తుర్కిక్ శిఖరాగ్ర ప్రకటనలోనూ కనిపించదు, కానీ ఆ లోయలో దాన్ని ఎవరూ మరచిపోలేదు. సరిహద్దు తగవు 2022 చివరికి ఒప్పందానికి వచ్చింది. కెంపిర్-అబాద్ జలాశయం ఉన్న భూమిని కిర్గిజిస్తాన్ వదులుకోవడాన్ని వ్యతిరేకించినందుకు ఆ దేశంలో ఇరవై మందికి పైగా అరెస్టయ్యారు. 2024లో వాళ్లను కోర్టు నిర్దోషులుగా విడిచిపెట్టింది. పొరుగు దేశంతో రాజీ పడాలంటే సొంత పౌరులను జైల్లో పెట్టాల్సి రావడం ఐక్యతకు మంచి పునాది కాదని నా గట్టి అభిప్రాయం.

భాష, చరిత్రల విషయానికి వస్తే, బయటివాళ్లు ఇక్కడే ఎక్కువ పొరబడతారు. టర్కిష్, అజర్‌బైజానీ, తుర్క్‌మెన్ ఒక శాఖ. కజక్, కిర్గిజ్ మరొకటి. ఉజ్బెక్ ఇంకొకటి. ఇస్తాంబుల్ మనిషి బాకూలో మాట్లాడితే అర్థమవుతుంది. అల్మాటీలో అంతగా అర్థం కాదు. కజక్, కిర్గిజ్, ఉజ్బెక్ అధికారులు తమలో తాము పని చక్కబెట్టుకోవడానికి ఇప్పటికీ ఎక్కువగా వాడేది రష్యన్. 2024 సెప్టెంబరులో బాకూలో 34 అక్షరాల ఉమ్మడి లాటిన్ వర్ణమాల మీద నిపుణుల సంఘం అంగీకారానికి వచ్చింది. మంచి పనే. అయితే అమలు ఏ దేశానికా దేశం చేసుకోవాలి. ఉజ్బెకిస్తాన్ 1993లో లాటిన్ లిపి చట్టం చేసింది. 1995లో దాన్ని సవరించి, టర్కిష్‌లో ఉన్న రెండు గుర్తు అక్షరాలను తీసేసి జంట అక్షరాలు పెట్టింది. ఆ ఏళ్లలోనే అధ్యక్షుడు కరీమొవ్‌కు అంకారాతో చెడింది. తన ప్రతిపక్ష నేతకు టర్కీ చోటిచ్చిందని విద్యార్థులను వెనక్కి పిలిపించారు. కజకిస్తాన్ 2017లో లాటిన్ లిపికి ఆదేశమిచ్చి, అక్షరాల మీద చుక్కలు, గీతలు మార్చుకుంటూ వచ్చి, గడువును 2031 దాకా జరిపింది. కిర్గిజిస్తాన్ సిరిలిక్‌లోనే ఉంది.

ఉమ్మడి చరిత్ర పాఠ్యపుస్తకం తయారుచేసినప్పుడు దాన్ని 15వ శతాబ్దం దాకానే రాశారు. కారణం ఊహించవచ్చు. ఆ తర్వాత 1514లో చాల్దిరాన్ యుద్ధం వస్తుంది. ఒట్టోమన్ సుల్తాన్ సెలీం ఓడించిన షా ఇస్మాయిల్‌ను అజర్‌బైజాన్ తన రాజ్య స్థాపకుల్లో ఒకడిగా గౌరవిస్తుంది. 1402లో అంకారా దగ్గర ఒట్టోమన్ సుల్తాన్ బయెజీద్‌ను బందీ చేసిన తైమూర్, ఉజ్బెకిస్తాన్‌కు జాతీయ వీరుడు. ఈ విగ్రహాలన్నీ ఒకే పీఠం మీద నిలబడవు.

దౌత్యంలో సైప్రస్ సంగతి చెప్పకుండా ముగించలేను. 2022 నవంబరులో సమర్ఖండ్ సభలో ఉత్తర సైప్రస్‌కు పరిశీలక హోదా ఇచ్చారు. దాన్ని దేశంగా గుర్తించింది టర్కీ ఒక్కటే. 2025 ఏప్రిల్ 4న అదే సమర్ఖండ్‌లో ఐరోపా యూనియన్, మధ్య ఆసియా దేశాల సభ జరిగింది. 1,200 కోట్ల యూరోల పెట్టుబడి ప్యాకేజీ ప్రకటించారు. ఉమ్మడి ప్రకటనలో భద్రతామండలి 541, 550 తీర్మానాలకు కట్టుబడి ఉంటామని కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్, కిర్గిజిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్ సంతకం పెట్టాయి. ఉత్తర సైప్రస్‌ను గుర్తించవద్దని చెప్పే తీర్మానాలవి. టర్కీకి అత్యంత ప్రియమైన విషయంలోనే ఇలా జరిగింది. చైనా విషయంలోనూ ఇంతే. 2019 ఫిబ్రవరిలో చైనా షిన్‌జియాంగ్‌లో ఉయ్గుర్లను నిర్బంధించిన శిబిరాలను టర్కీ విదేశాంగ శాఖ ఘాటుగా ఖండించింది. 2022 అక్టోబరులో మానవ హక్కుల మండలిలో ఉయ్గుర్ల పరిస్థితిపై కనీసం చర్చ పెడదామన్న ప్రతిపాదన 17కు 19 ఓట్లతో ఓడిపోయింది. ఓడించినవారిలో కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్ ఉన్నాయి. ఉయ్గుర్లు తుర్కిక్ ప్రజలే. ఈ ఓటు నన్ను బాధిస్తుంది. అయినా బీజింగ్‌తో కజకిస్తాన్‌కున్న సరిహద్దును, అప్పులను, పైపులైన్లను దృష్టిలో పెట్టుకున్నవారికి అది అనూహ్యం కాదు.

సంస్థ నిర్మాణం కూడా ఇందుకు తగ్గట్టే ఉంది. నిర్ణయాలన్నీ ఏకాభిప్రాయంతోనే. కోర్టు లేదు. మాట తప్పితే శిక్ష లేదు. ఐరోపాలో 1952లో బొగ్గు, ఉక్కు మీద అధికారాన్ని ఆరు దేశాలు ఒక ఉమ్మడి సంస్థ చేతికి ఇచ్చాయి. ఇక్కడ 1991లో దక్కిన సార్వభౌమత్వాన్ని ఏ అధ్యక్షుడూ వేరొకరి చేతిలో పెట్టడు. అది తప్పని నేననను, 70 ఏళ్లు మాస్కో నుంచి ఆదేశాలు అందుకున్న దేశాలవి. తుర్కిక్ పెట్టుబడి నిధి 50 కోట్ల డాలర్ల మూలధనంతో 2024లో ఇస్తాంబుల్‌లో మొదలైంది. నరీన్ నది మీద తలపెట్టిన కంబరాతా-1 ఆనకట్ట ఒక్కదానికే 400 కోట్ల డాలర్ల పైన కావాలి.

కంబరాతా పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. 1,860 మెగావాట్ల ఈ ప్రాజెక్టులో కిర్గిజిస్తాన్‌కు 34 శాతం, కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్‌లకు చెరో 33 శాతం వాటా అనుకున్నారు. ఒకప్పుడు పై దేశంలో ఆనకట్టలను గట్టిగా వ్యతిరేకించిన ఉజ్బెకిస్తాన్ ఇప్పుడు వాటాదారు. ఇది తుర్కిక్ సంస్థ ద్వారా కుదిరింది కాదు. మధ్య ఆసియా దేశాధినేతలు 2018 నుంచి సంప్రదింపుల సభలు జరుపుకుంటున్నారు. వాటిలో పర్షియన్ కుటుంబపు భాష మాట్లాడే తజికిస్తాన్ కూడా ఉంది. నీళ్ల లెక్క తజికిస్తాన్ లేకుండా తేలదు. 2025 నవంబరులో తాష్కెంట్‌లో అజర్‌బైజాన్‌ను కూడా పూర్తి సభ్యురాలిగా ఆ వేదికలోకి తీసుకున్నారు. ఐక్యతను గమనించదలచిన విద్యార్థులకు నా సలహా ఇది. శిఖరాగ్ర సభల ఫొటోలకంటే ముందు కంబరాతా ఒప్పందంలో చలికాలపు నీటి విడుదలను ఎవరు నిర్ణయిస్తారన్న నిబంధనను చూడండి. ఆనకట్ట కట్టడానికి డబ్బు దొరుకుతుంది. జనవరిలో గేటు ఎవరి ఉత్తర్వు మీద తెరవాలన్నదే ఇక ఆ మూడు దేశాలూ తేల్చుకోవాలి.